రెండు ల్యాప్‌టాప్‌లలో ఏది?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "ల్యాప్‌టాప్ కొనడం ఎలా" అని. అది చాలా పెద్ద అంశం. ఇరవై నిమిషాలలో తేలేది కాదు. దుకాణానికి వెళ్ళి అన్నీ వడపోశాక చివరికి రెండు మిగులుతాయి చూడండి, అచ్చం కవల పిల్లల్లా ఉంటాయి, ఆ రెండింటిలో ఏది తీసుకోవాలన్న ఒక్క ముక్కే మనవి చేస్తాను. మన సభ్యులు నా దగ్గరకు వచ్చేది సరిగ్గా ఆ దశలోనే. చేతిలో రెండు కాగితాలు, ముఖంలో అయోమయం.

నేను ఇంజనీరును కాను. లెక్కల విభాగంలో గుమాస్తాగా చేరి ముప్ఫై మూడేళ్ళు పనిచేసినవాణ్ణి. తొంభైలలో మా ఆఫీసుకు మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోవడానికి పెద్దవాళ్ళెవరూ సాహసించలేదు. వయసులో చిన్నవాడు, చెడినా వీడి మీదకే పోతుందని కాబోలు, నన్ను కూర్చోబెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం, గుడికి వెళ్ళినట్టు. అప్పటినుంచి ఆ పని నన్ను వదల్లేదు. కాబట్టి నేను చెప్పేది శాస్త్రం కాదు, వాడకం.

ఈ ప్రశ్న ఇప్పుడు ఇంతమందికి ఎందుకు వచ్చిందంటే, 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. ఆ రోజుతో ఆ కంప్యూటర్లు ఆగిపోలేదు. పనిచేస్తాయి. కాని దొంగలు లోపలికి రావడానికి కొత్త దారి కనిపెడితే, దానికి గడియ పెట్టే బాధ్యత కంపెనీ వదులుకొంది. ఇళ్ళలో వాడుకొనేవారు పేరు నమోదు చేసికొంటే ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు, గడువిచ్చారు. 2017కు ముందు కొన్న యంత్రాలకు చాలావరకు విండోస్ 11 ఎక్కదు. దాంతో మన ఇళ్ళలో పాతవి మార్చుకోవలసిన అవసరం అందరికీ ఒక్కసారే వచ్చిపడింది.

అసలు కొనాలా అన్నది కూడా అడగవలసిందే. బతికున్నట్టు ఏటా ఇచ్చే సర్టిఫికెట్టు కోసమే అయితే ల్యాప్‌టాప్ అక్కరలేదు. జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చినప్పుడు వేలిముద్ర యంత్రం కావలసి వచ్చేది. 2021 నవంబరు నుంచి ఆండ్రాయిడ్ ఫోనులో ముఖం చూపిస్తే సరిపోయే పద్ధతి వచ్చింది. వేళ్ళు అరిగిపోయి ముద్రలు పడని మనవంటివారికి అది వరమే. పింఛను పడిందా లేదా చూసుకోవడం, కరెంటు బిల్లు కట్టడం, ఇవన్నీ ఫోనులో అయ్యేవే. వీటికోసం యాభై, అరవై వేలు పెట్టవద్దు. రాసే పని, లెక్క వేసే పని, పాఠం చెప్పే పని, బొమ్మ గీసే పని, ఇలా కూర్చుని చేసే పని ఏదైనా ఉంటేనే కొనండి.

ఇక అసలు సంగతి. మన సభ్యులొకరున్నారు. పేరు చెప్పను గాని ఈ హాలులోనే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నాలుగు కిరాణా కొట్లకు, రెండు మందుల షాపులకు లెక్కలు రాసిపెడుతున్నారు. జులై వస్తే తోటి పింఛనుదార్లకు ఇన్‌కంటాక్స్ రిటర్నులు వేసిపెడతారు. రాత్రిళ్ళు తమ ఊరి చరిత్ర తెలుగులో టైపు చేస్తున్నారు. ఆదివారం పొద్దున అమెరికాలో ఉన్న మనవరాలితో మాట్లాడాలి. వృత్తికీ ఇంటికీ కలిపి ఒకటే యంత్రం కావాలి. ఆయన రెండు కాగితాలు తెచ్చారు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే పేరు, ఒకే బూడిద రంగు. తేడా నాలుగున్నర వేలు. ఒకదాని మీద కోర్ ఐ5-1335యు అని ఉంది. రెండోదాని మీద కోర్ ఐ5-13420హెచ్ అని ఉంది.

దుకాణంలో కుర్రవాడు "యు తీసుకోండి సార్, పది కోర్లు. హెచ్‌లో ఎనిమిదే. పైగా మీకు డబ్బు మిగులుతుంది" అన్నాడట. బెంగుళూరు నుంచి అబ్బాయి ఫోనులో "నాన్నా, హెచ్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు" అన్నాడట. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ ఆయన చేసే పని ఏమిటని అడగలేదు, అంతే.

ఆ అంకెల అర్థం మన ఆఫీసు భాషలో చెబుతాను. కోర్ అంటే పనిచేసే మనిషి అనుకోండి. ఈ రెండు ప్రాసెసర్లూ ఇంటెల్ కంపెనీ 2023 జనవరిలో తెచ్చినవే. యు రకం సెక్షనులో ఇద్దరు సీనియర్ అసిస్టెంట్లు, ఎనిమిదిమంది జూనియర్లు. మొత్తం పదిమంది. హెచ్ రకం సెక్షనులో నలుగురు సీనియర్లు, నలుగురు జూనియర్లు. మొత్తం ఎనిమిదిమంది. తలలు లెక్కపెడితే మొదటిది పెద్ద సెక్షను. కాని బడ్జెట్ సమయంలో ఏ సెక్షనులో పని తెములుతుందో మీకు నేను చెప్పాలా? సీనియర్లు నలుగురున్న చోటే తెములుతుంది. మరి అన్నివేళలా బడ్జెట్ సమయం ఉండదు గదా. ఒక ఉత్తరం వచ్చింది, జవాబు రాయాలి. దానికి ఏ సెక్షనులోనైనా ఒక్క సీనియర్ చాలు. ఆ ఒక్కడి చురుకుదనం రెండు చోట్లా ఒకటే. కంపెనీ కాగితంలో ఇద్దరికీ గరిష్ఠ వేగం 4.6 గిగాహెర్ట్జ్ అనే ఉంది.

సీనియర్లు ఎక్కువైతే జీతాల బిల్లు పెరుగుతుంది. ఇక్కడ జీతమంటే కరెంటు. యు రకానికి కంపెనీ పెట్టిన మూల లెక్క 15 వాట్లు, హెచ్ రకానికి 45 వాట్లు. ఒత్తిడి పడినప్పుడు కాసేపు రెండూ అంతకంటే ఎక్కువే తాగుతాయి. ఊరికే టైపు చేస్తున్నప్పుడు రెండూ తక్కువే తాగుతాయి. కాని చాలాసేపు గట్టి పని చేయించినప్పుడు 45 వాట్ల వేడి ఎక్కడికో పోవాలి. ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, వళ్ళో పెట్టుకొంటే పంచె మీదుగా వేడి తెలుస్తుంది. పేరు ల్యాప్‌టాప్ అయినా దాన్ని వళ్ళో పెట్టుకోవద్దనే నేను చెబుతాను, అది వేరే సంగతి.

మరి మన సభ్యుడి పని ఏమిటి? ట్యాలీలో రోజుకు వంద ఎంట్రీలు, ఎక్సెల్‌లో రెండు పట్టికలు, బ్రౌజరులో టాక్సు పోర్టలు, తెలుగు టైపింగు, వీడియో మాటలు. వీటిలో ఒక్కటి కూడా నలుగురు సీనియర్లను అడిగే పని కాదు. పోర్టలు నెమ్మదిగా ఉందంటే అది అవతలి సర్వరు నెమ్మది. జులై 31న ఏ ప్రాసెసరు పెట్టినా అది కదలదు. కాబట్టి యు, హెచ్ అన్న అక్షరం ఆయన విషయంలో తీర్పు చెప్పదు. ఆ మాట చెప్పి, ఆ రెండు కాగితాల్లో మిగతా చిన్న అక్షరాలు చదివాం.

యు యంత్రం తెర 14 అంగుళాలు, బరువు కిలోన్నరకు తక్కువ, మెమరీ 8 జీబీ మదర్‌బోర్డుకే అతికించి, ఇంకొకటి పెట్టుకొనేందుకు ఖాళీ స్లాటు. హెచ్ యంత్రం తెర 15.6 అంగుళాలు, బరువు కిలో ఏడువందలు, మెమరీ 16 జీబీ. కీబోర్డుకు కుడివైపున అంకెల మీటలు విడిగా ఉన్నాయి. మొదటిదానికి అవి లేవు.

అంకెల మీటలు అనేసరికి ఆయన ముఖం చూడాలి! ముప్ఫై ఏళ్ళు క్యాలిక్యులేటరు మీద చూడకుండా కొట్టిన వేళ్ళు అవి. 14 అంగుళాల వాటిలో ఆ మీటలు సాధారణంగా ఉండవు. అంకెలు పై వరసలో వెతుక్కోవాలి. ఎనిమిది వందల ఎంట్రీలు కొట్టే మనిషికి అదెంత నరకమో లెక్కలవాళ్ళకు తెలుసు. అయిదారు వందలు పెడితే యూఎస్‌బీకి తగిలించుకొనే విడి ప్యాడు దొరుకుతుంది గాని, ఆయన కళ్ళకు శుక్లాల ఆపరేషను కూడా అయింది. పెద్ద తెర కావాలి. యంత్రం బల్ల మీదనుంచి కదిలేది కాదు. కనుక హెచ్ యంత్రమే తీసుకొన్నారు. అబ్బాయి చెప్పినదే తీసుకొన్నట్టయింది గాని అబ్బాయి చెప్పిన కారణానికి కాదు. ఈ ముక్క అబ్బాయికి చెప్పవద్దని ఆయన కోరారు.

అదే నెలలో అవే రెండు కాగితాలు ఇంకొక సోదరి తెచ్చారు. ఆమె ఫ్యామిలీ పింఛనుదారు. భర్త పోయాక బ్యాంకు పనులన్నీ వీధి చివర ఇంటర్‌నెట్ సెంటరులో చేయించుకొనేవారు. ఆమె పాస్‌వర్డు ఆ కుర్రవాడి నోటుబుక్కులో, పదిమంది పాస్‌వర్డుల మధ్య, ఫోను నెంబరుతో సహా రాసి ఉండేది. ఆ కుర్రవాడు మంచివాడే కావచ్చు. ఆ పుస్తకం ఎవరి చేతిలోనైనా పడవచ్చు గదా. తన డబ్బు తన చేతులతో చూసుకోవాలని ఆమె పట్టుదల. దానికి తోడు విదేశాల్లో ఉన్న తెలుగు పిల్లలకు సాయంత్రం పూట వీడియోలో తెలుగు చదవడం, రాయడం నేర్పుతున్నారు. నెలకు కొంత ఆదాయం వస్తోంది. ఆర్నెల్లు విశాఖపట్నంలో పెద్దబ్బాయి దగ్గర, ఆర్నెల్లు హైదరాబాదులో చిన్నబ్బాయి దగ్గర ఉంటారు.

ఆమెకు అంకెల మీటలెందుకు? ఆమె చూడవలసినవి వేరు. రైల్లో సంచిలో మోయాలి, కాబట్టి బరువు. పాఠం మధ్యలో కరెంటు పోతే తరగతి ఆగకూడదు, కాబట్టి బ్యాటరీ. బ్యాటరీని గంటల్లో చెప్పే మాట నమ్మకండి. వాట్ అవర్ అని ఒక అంకె ఉంటుంది. నలభై అని ఒకదానికి, యాభై ఏడు అని ఒకదానికి ఉంటే రెండోది పెద్ద కుండ. అంతే లెక్క. ఇక కెమెరా. తక్కువ ధర యంత్రాల్లో 720పి అన్న కెమెరా పెడతారు, కొంచెం మేలైన వాటిలో 1080పి పెడతారు. ఎనిమిదేళ్ళ పిల్ల అవతల కూర్చుని "ళ"కు "ల"కు నాలుక ఎక్కడ తగులుతుందో చూడాలంటే టీచరు నోరు స్పష్టంగా కనబడాలి. ఆమె 14 అంగుళాలది, యు రకం తీసుకొని, ఖాళీ స్లాటులో ఇంకో 8 జీబీ వేయించుకొన్నారు.

అవే రెండు యంత్రాలు, ఇద్దరు మనుషులు, రెండు తీర్పులు. ప్రాసెసరు ఇద్దరికీ తీర్పు చెప్పలేదు.

చెప్పేచోట చెబుతుంది. రిటైరయిన ఇంజనీరుగారొకరు ఇళ్ళ ప్లాన్లు కంప్యూటరులో గీసిస్తారు. ఇంకొకరు పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించే మనవడికోసం కొంటున్నారు. వారికి అక్షరం ముఖ్యం, హెచ్ తీసుకోవలసిందే. గంట పట్టే వీడియో పని అక్కడ బాగా ముందే అవుతుంది. అయితే ఆ ఇల్లు ఫ్యాను మోతకు సిద్ధపడాలి.

పిల్లలు అమెరికానుంచి వస్తూ ఆపిల్ వాటిని తెచ్చే ఇళ్ళు మన సంఘంలో తక్కువేం లేవు కనుక ఒక మాట. అక్కడా ఇదే కథ. 2022లో ఆ కంపెనీ మ్యాక్‌బుక్ ఎయిర్ అని ఒకటి, 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో అని ఒకటి తెచ్చింది. రెండింటిలోనూ ఎం2 అన్న ఒకే చిప్. మన దేశంలో ఎయిర్ ధర 1,19,900 నుంచి, ప్రో ధర 1,29,900 నుంచి. ప్రో అంటే వృత్తి పనికి అనుకొని పదివేలు ఎక్కువ పెట్టినవారికి దక్కిందేమిటంటే లోపల ఒక ఫ్యాను, కాస్త ఎక్కువ బ్యాటరీ, మీటలపైన ఒక తాకే పట్టీ. దాని ఒళ్ళు పాతది, కెమెరా 720పి. ఫ్యాను లేని ఎయిర్‌కు కొత్త ఒళ్ళు, కొంచెం పెద్ద తెర, 1080పి కెమెరా. గంటలకొద్దీ భారీ పని చేసేవాడికి ఆ ఫ్యాను విలువైనదే. ఫ్యాను లేనిది వేడెక్కితే వేగం తగ్గించుకొంటుంది. మిగతావారు పేరుకు డబ్బిచ్చారు. 2023 అక్టోబరులో కంపెనీయే ఆ 13 అంగుళాల ప్రోను తీసేసింది. పెట్టె మీద రాసిన "ప్రో" అన్న మాటను మన వృత్తికి అన్వయించుకోకండి. పైగా ట్యాలీ నేరుగా విండోస్ మీద నడిచేదే, ఆపిల్ దాని మీద కాదు. లెక్కలు రాసే మిత్రులు పిల్లలు తెచ్చిన బహుమతి చూసి మొహమాటపడి ఊరుకోకుండా ముందే చెప్పండి.

ఇక రెండింటి మధ్య చూస్తున్నప్పుడు నేను పట్టుబట్టే సూత్రమొకటుంది. తరవాత మార్చుకోగలిగినదానికి తక్కువ విలువ, మార్చుకోలేనిదానికి ఎక్కువ విలువ ఇస్తాను. ఫైళ్ళు దాచే డిస్కు చాలా వాటిలో విప్పి పెద్దది వేసుకోవచ్చు. మౌసు మార్చుకోవచ్చు. తెర, కీబోర్డు, బోర్డుకు అతికించిన మెమరీ మాత్రం పెళ్ళినాటి ప్రమాణాల్లాంటివి. విండోస్ 11కి 4 జీబీ మెమరీ ఉంటే చాలునని కంపెనీ రాసుకొంది గాని, దాని మీద బ్రౌజరు తెరిచి నాలుగు పేజీలు పెడితే ఆయాసం. ఎనిమిదితో ఇవాళ గడుస్తుంది. ఏడెనిమిదేళ్ళు వాడదామనుకొనే మనవంటివారికి పదహారు కావాలి. 8 జీబీ అతికించి స్లాటు లేనిది ఎంత చవకైనా నేను వద్దంటాను. 2025 చివరినుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కూడా, కాబట్టి "తరవాత వేయించుకొందాం" అనేది చవక బేరం కాదు.

తెర విషయంలో కొలత ఒకటే చూడకండి. కాగితంలో 1920 ఇంటూ 1080 అని ఒకదానికి, 1920 ఇంటూ 1200 అని ఒకదానికి ఉంటుంది. రెండోది నిలువునా కాస్త పొడవు. ఎక్సెల్‌లో నాలుగైదు వరసలు ఎక్కువ కనబడతాయి. నిట్స్ అని వెలుతురు కొలత ఉంటుంది. 250 అంటే గదిలో సరే, వరండాలో పగలు చదవలేరు. 300, ఆపైన నయం. తెర తళతళ మెరిసేది వద్దు, మన ముఖమే అందులో కనిపిస్తుంది. ఇవన్నీ కాగితం చూసి తేలేవి కావు. దుకాణంలో కుర్చీ అడిగి కూర్చోండి. నోట్‌ప్యాడ్ తెరిచి మీ ఇంటి చిరునామా పది సార్లు టైపు చెయ్యండి. కుర్రవాడు విసుక్కొంటే విసుక్కోనివ్వండి. రెండోదాని మీదా అలాగే చెయ్యండి. ఏది మీ వేళ్ళకు నచ్చిందో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. తెలుగు టైపు చేసేవారు విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుందని, ధ్వనిని బట్టి కొట్టే తెలుగు ఫొనెటిక్ కూడా ఉంటుందని గుర్తుంచుకోండి. దానికోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు.

ఇప్పుడు చెప్పబోయేది దయచేసి రాసుకోండి. ఏది కొన్నారన్నదానికంటే ఇది ముఖ్యం.

కొత్త ల్యాప్‌టాప్ మొదటిసారి తెరిచినప్పుడు అది మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. దుకాణంలో మనకు ఈ-మెయిలు గుర్తుండదు, పాస్‌వర్డు రాదు, ఇంటికి వెళ్ళాలని తొందర. "నేను పెట్టేస్తా అంకుల్" అని కుర్రవాడు తన ఖాతాతోనో, అప్పటికప్పుడు సృష్టించిన ఏదో ఖాతాతోనో తెరిచేస్తాడు. అంతా బాగానే ఉంటుంది. కాని చాలా కొత్త యంత్రాల్లో లోపలి డిస్కుకు తనంతట తానే తాళం పడుతుంది. దొంగ ఎత్తుకుపోయినా ఫైళ్ళు చదవలేకుండా చేసే మంచి ఏర్పాటే అది. ఆ తాళానికి 48 అంకెల తాళంచెవి ఒకటుంటుంది. అది ఏ ఖాతాతో తెరిచారో ఆ ఖాతాలో దాచబడుతుంది. రెండేళ్ళ తరవాత ఒక రోజు రిపేరు చేశాకనో, లోపల ఏదో మార్పు జరిగాకనో, యంత్రం నీలం తెర చూపించి ఆ 48 అంకెలు కొట్టమంటుంది. అప్పుడు ఆ కుర్రవాడెక్కడ? ఆ ఖాతా ఎవరిది? ఆ అంకెలు లేకపోతే లోపల ఉన్నది ఎవరూ తీయలేరు. తయారు చేసిన కంపెనీ కూడా తీయలేదు. ఊరి చరిత్ర మూడు వందల పేజీలు, ఆరు షాపుల లెక్కలు, మనవరాలి అన్నప్రాశన ఫోటోలు, అన్నీ ఉన్నచోటే ఉంటాయి, మనకు మాత్రం అందవు.

నేను ఇది ఊహించి చెప్పడం లేదు. ఒక సభ్యుడి ఇంట్లో కూర్చుని ఆ నీలం తెర ముందు మధ్యాహ్నమంతా గడిపాను. యంత్రం తెరిచి ఇచ్చిన కుర్రవాడు దుకాణం వదిలి వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఫోను చేస్తే పాపం మర్యాదగానే మాట్లాడాడు గాని ఏ ఈ-మెయిలు వాడాడో అతనికి గుర్తులేదు. ఆయన భార్య ఆఖరి ఏడాదిలో తీసిన వీడియోలు అందులో ఉన్నాయి. ఆయన నన్ను మూడుసార్లు అడిగారు, ఇంక దారి లేదా అని. లేదు అని మూడుసార్లు చెప్పవలసి వచ్చింది.

కాబట్టి దుకాణానికి వెళ్ళే ముందు మీ సొంత ఈ-మెయిలు, దాని పాస్‌వర్డు, ఓటీపీ వచ్చే ఫోను వెంట తీసుకెళ్ళండి. లేదా సీలు విప్పనివ్వకుండా ఇంటికి తెచ్చుకొని, పిల్లలను పక్కన పెట్టుకొని మీ పేరుతోనే తెరవండి. పిల్లల ఖాతాతో కూడా వద్దు. తరవాత ఆ ఖాతాలోకి వెళ్ళి ఆ 48 అంకెలు చూసి, కాగితం మీద రాసి, పింఛను పేమెంట్ ఆర్డరు ఉండే ఫైలులో పెట్టండి. భార్యాభర్తలిద్దరికీ అదెక్కడుందో తెలియాలి. వేరే చిన్న డిస్కులో నెలకోసారి నకలు తీసి బీరువాలో పెట్టండి. రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య నాలుగున్నర వేల తేడా గురించి నెల రోజులు ఆలోచించేవాళ్ళం, ఆ నకలు డిస్కుకు అంత ఖర్చు పెట్టడానికి వెనకాడతాం. అదేమిటో!

చిల్లర విషయాలు రెండు మూడు. "ఆఫీసు లైఫ్‌టైం ఫ్రీ" అంటారు. ఏ ఆఫీసో చూడండి. 2021 నాటిది అయితే దానికి భద్రతా సవరణలు 2026 అక్టోబరు 13 వరకే. పైగా హోం అండ్ స్టూడెంట్ అని రాసి ఉన్నది ఇంటి వాడకానికి ఇచ్చిన లైసెన్సు. దాని మీద ఫీజు తీసుకొని లెక్కలు రాయడం నిబంధనకు సరిపడదు. ఆడిట్‌లో పనిచేసినవారు కనీసం మీరైనా గమనించాలి. లిబ్రే ఆఫీసు అని ఉచితంగా దొరికేది ఉంది, ఇంటికి, పనికి దేనికైనా వాడుకోవచ్చు. కాని అవతలివారు ఎక్సెల్‌లో మాక్రోలు పెట్టి పంపితే అందులో ఇబ్బంది.

"నో కాస్ట్ ఈఎంఐ" అన్న మాటకు లెక్కలవాళ్ళమైన మనం లోబడకూడదు. వడ్డీ మేరకు తగ్గింపు ఇచ్చినట్టు చూపినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగు ఫీజు మన మీదే పడతాయి. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో రేట్లు మార్చినప్పుడు కూడా 18 శాతమే ఉండిపోయింది. కాబట్టి "జీఎస్టీ తగ్గింది సార్" అని ఎవరన్నా అంటే బిల్లు చూపించమనండి.

వారంటీ రెండింటికీ ఏడాదే అయినా, మనిషి ఇంటికి వచ్చి చేసేదా, మనం మోసుకుపోవలసిందా అన్నది వేరు వేరుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఆ ఒక్క మాట ప్రాసెసరు కంటే విలువైనది. మీ ఊళ్ళో సర్వీసు సెంటరు ఉందా, జిల్లా కేంద్రానికి పోవాలా అని కూడా అడగండి. రెండూ అన్నింటా సమానంగా తూగితే నేను దీన్ని బట్టే ఒకటి తీసుకోమంటాను.

చివరగా పాతదాని సంగతి. ఎక్స్ఛేంజిలో వెయ్యో, రెండు వేలో ఇస్తామని తీసుకొంటారు. అందులో మీ పాన్, ఆధార్ నకళ్ళు, బ్యాంకు పాస్‌బుక్కు స్కాన్లు, ఇంకొకరి రిటర్నులు కూడా ఉంటాయి. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినంత మాత్రాన అవి పోవు. సెట్టింగ్స్‌లో రీసెట్ అన్నచోటికి వెళ్ళి, అన్నీ తీసెయ్యమని, దానికి తోడు డేటాను పూర్తిగా తుడవమని ఎంచుకొని, రాత్రంతా వదిలెయ్యండి. అది చేతకాకపోతే డిస్కు విప్పించి ఇంట్లో ఉంచుకొని మిగతాది ఇవ్వండి. ఓ అయిదు వందలు తక్కువిస్తారు, ఇవ్వనివ్వండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, వెనక భోజనాల ఏర్పాటు కూడా అయినట్టుంది. కాగితాలు వెంట తెచ్చుకొన్నవారు భోజనాలయ్యాక ఆ కిటికీ పక్క బల్ల దగ్గరకు రండి, కూర్చుని చూద్దాం. కళ్ళజోడు మరిచిపోవద్దు, ఆ చిన్న అక్షరాలు నాకూ కనబడవు.